కణాలు పంపే సూక్ష్మ సంచులు

శరీర కణాలు పరస్పరం సంకేతాలు పంపుకోవడానికి విడుదల చేసే, కొవ్వు పొర చుట్టిన అతిసూక్ష్మ సంచులను ఎక్సోసోములు అంటారు. సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల వ్యాసం గల ఇవి వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండవు. 1983లో తొలిసారి గమనించినప్పుడు వీటిని కణాలు పారవేసే చెత్తగా భావించారు గాని, వీటిలోని ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ తునకలు తాము చేరిన కణం నడతనే మార్చగలవని తరువాత తేలింది. మూలకణాల ఎక్సోసోములు గాయం అంచున కొల్లాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలను చురుకుపరచి, కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి తోడ్పడతాయని జంతు ప్రయోగాలు చూపాయి. రోగనిర్ధారణలో వీటి విలువ మరింత ఆశాజనకం: మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను ఎక్సోసోముల మీద మోపి రక్తంలోకి వదిలి, తమపై దాడికి వచ్చే రోగనిరోధక టి-కణాలను అణచివేస్తాయి కనుక, రక్త నమూనాలో దాని హెచ్చుతగ్గులను బట్టి చికిత్సకు రోగి స్పందనను అంచనా వేయవచ్చునని 2018లో ఒక పరిశోధన సూచించింది. అయితే ముడతలకూ జుట్టు రాలడానికీ ఎక్సోసోములను వాడే క్లినిక్‌లు పెరుగుతున్నా, ఆమోదం లేని ఇటువంటి ఉత్పత్తుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే ప్రజలను హెచ్చరించింది.