కంప్యూటర్ చదువుకూ అదను ఉంది

తేదీ దాటితే ఏడాది పోయినట్టే - బి.టెక్. పిల్లలున్న ఇళ్లవారు గమనించవలసిన అవకాశాలు

అనంతపురం: అదను దాటాక వేసిన వేరుశనగ ఏ మేరకు పండుతుందో ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. విత్తనం మంచిదే కావచ్చు, నేల మంచిదే కావచ్చు. విత్తే వేళ తప్పితే పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాదు. పల్లెల నుంచి వెళ్లి బి.టెక్. కంప్యూటర్ సైన్సు చదువుతున్న పిల్లల సంగతి కూడా దాదాపు ఇలాగే ఉంది. తెలివి ఉంది, మార్కులున్నాయి. కాని ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ పోటీకి ఎప్పుడు పేరివ్వాలో తెలిసేసరికి గడువు ముగిసిపోతోంది.

పట్నం పిల్లలకు అన్నలో, అక్కలో, పక్కింటివారో ముందుగా చెబుతారు. ఇంట్లో మొట్టమొదట ఇంజనీరింగు చదివే పల్లె విద్యార్థికి చెప్పేవారు ఉండరు. చివరి సంవత్సరం వచ్చాక కంగారుపడి, కోచింగు పేరిటా, ఉద్యోగం ఇప్పిస్తామనే మధ్యవర్తుల పేరిటా వేలకు వేలు పోసే కుటుంబాలున్నాయి. నిజానికి మంచి అవకాశాల్లో చాలావాటికి ఖర్చు లేదు. ఉన్నా స్వల్పమే. కావలసిందల్లా తేదీ తెలిసి ఉండటం.

ఇంజనీరింగు చదువు ఈ జిల్లాకు కొత్త కాదు. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురానికి వచ్చింది. 2008లో జె.ఎన్.టి. యూనివర్సిటీ, అనంతపురం వేరుగా ఏర్పడింది. చదువు ఇంటి ముంగిటికి వచ్చింది గాని, చదువు తర్వాతి దారుల సమాచారం మాత్రం ఊళ్లదాకా రావడం లేదు. ఏడాది పొడుగునా వచ్చే అవకాశాలు నెలల వారీగా ఇవీ.

జులై: ఇంటి నుంచే ఐ.ఐ.టి. పాఠం

ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే కార్యక్రమం ప్రారంభించాయి. ఆ సంస్థల ఆచార్యులు చెప్పే పాఠాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వినవచ్చు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి కోర్సులు మొదలవుతాయి. 4, 8, 12 వారాల కోర్సులు ఉంటాయి. ఊళ్లో నెట్ సరిగా అందనివారు కాలేజీలో ఉన్నప్పుడు వీడియోలను దించుకుని, ఇంటి దగ్గర తీరికగా చూసుకోవచ్చు. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం కూడా ఉంది.

పాఠానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ఫీజు వెయ్యి రూపాయల ప్రాంతంలో ఉంటుంది. వారం వారం ఇచ్చే అభ్యాసాలకు 25 మార్కులు, పరీక్షకు 75 మార్కులు. అభ్యాసాలు ఎగ్గొట్టి పరీక్ష ఒక్కటే రాస్తే సర్టిఫికెట్ రాదు. ఈ సంగతి తెలియక ఫీజు పోగొట్టుకోకూడదు.

ఆగస్టు, సెప్టెంబరు: 'గేట్' దరఖాస్తు

వీటన్నిటిలో ముఖ్యమైనది గేట్ పరీక్ష. ఇది ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. కాని దరఖాస్తు ఆరు నెలల ముందే పెట్టాలి. పిల్లలు పొరబడేది ఇక్కడే. 2026 ఫిబ్రవరి 7, 8, 14, 15 తేదీల గేట్ బాధ్యత గువాహటి ఐ.ఐ.టి.ది కాగా, దాని దరఖాస్తులు 2025 ఆగస్టు ఆఖరి వారంలోనే మొదలయ్యాయి. సంక్రాంతి వెళ్లాక చూద్దాంలే అనుకున్నవారికి మళ్లీ ఏడాది దాకా దారి లేదు.

బి.టెక్. మూడవ సంవత్సరం చదువుతున్నవారు కూడా ఈ పరీక్ష రాయవచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుంది. అంటే మూడవ సంవత్సరంలో ఒకసారి రాసి చూసుకుని, తక్కువ వస్తే చివరి సంవత్సరంలో మళ్లీ రాయవచ్చు. మూడు గంటల వ్యవధిలో 65 ప్రశ్నలు, 100 మార్కులు. 2026 గేట్‌కు ఒక పేపరు ఫీజు రూ. 2,000. ఆడపిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు రూ. 1,000. కంప్యూటర్ సైన్సు పేపరుతోపాటు 2024 నుంచి డేటా సైన్సు, కృత్రిమ మేధకు సంబంధించిన పేపరు కూడా ఉంది.

గేట్ స్కోరుతో ఎం.టెక్.లో చేరినవారికి ప్రభుత్వం నెలకు రూ. 12,400 ఉపకార వేతనం ఇస్తోంది. 24 నెలలకు లెక్కకడితే అది రూ. 2,97,600. తండ్రి అప్పు చేయకుండా, పిల్లవాడే నెలనెలా డబ్బు తెచ్చుకుంటూ చదివే చదువు ఇది. మన రాష్ట్రంలోనే తిరుపతిలో ఐ.ఐ.టి. ఉంది. పక్కనున్న బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉంది. పవర్‌గ్రిడ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు కంప్యూటర్ ఇంజనీర్లను గేట్ మార్కుల ఆధారంగా ఉద్యోగాల్లోకి తీసుకున్న సందర్భాలున్నాయి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణకు ఎంపిక చేసేటప్పుడు కూడా ఈ స్కోరును చూస్తుంది. భూమి తాకట్టు పెట్టి పిల్లవాడిని విదేశానికి పంపుదామనుకునే ఇంటివారు, దానికి ముందు ఈ దారి ఉందని గుర్తుంచుకోవడం మంచిది.

ఆరుగురు కలిస్తే ఒక జట్టు

కేంద్ర విద్యాశాఖ 2017 నుంచి 'స్మార్ట్ ఇండియా హ్యాకథాన్' అనే పోటీ జరుపుతోంది. ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమకున్న చిక్కు సమస్యలను ముందుగా ప్రకటిస్తాయి. వాటికి కంప్యూటర్ ద్వారా పరిష్కారం చూపాలి. ఒకే కాలేజీకి చెందిన ఆరుగురు ఒక జట్టు. అందులో కనీసం ఒక్క ఆడపిల్ల ఉండాలి. చివరి పోటీలో సాఫ్ట్‌వేర్ జట్లు 36 గంటలు ఏకబిగిన పనిచేస్తాయి. వ్యవసాయం, నీటి వినియోగం వంటి సమస్యలు కూడా ఇందులో వస్తుంటాయి. బోరు ఎండిపోవడం, చీడ సోకడం కళ్లారా చూసి పెరిగిన పిల్లలకు వీటి గురించి పట్నం పిల్లలకంటే ఎక్కువే తెలుసు.

ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఈ పోటీకి విద్యార్థి నేరుగా పేరివ్వడానికి వీల్లేదు. ముందు కాలేజీ తనలో తాను పోటీ పెట్టి, జట్లను ఎంపిక చేసి పంపాలి. కాలేజీ కదలకపోతే పిల్లలు ఎంత తెలివైనవారైనా లాభం లేదు. అందువల్ల విద్యా సంవత్సరం మొదలుకాగానే, ఈ బాధ్యత చూసే అధ్యాపకుడెవరో విద్యార్థులు అడిగి తెలుసుకోవాలి.

ముగ్గురికి ఒకే కంప్యూటర్

ప్రోగ్రాములు రాయడంలో గట్టివారికి ఐ.సి.పి.సి. అనే అంతర్జాతీయ పోటీ ఉంది. 1977 నుంచి దీని ప్రపంచ స్థాయి ఫైనల్స్ జరుగుతున్నాయి. ముగ్గురు విద్యార్థులకు ఒకే కంప్యూటర్ ఇచ్చి, అయిదు గంటల్లో వీలైనన్ని లెక్కలు తేల్చమంటారు. ఒక్కో లెక్క తేలినప్పుడల్లా ఆ జట్టు బల్లకు ఒక బెలూన్ కడతారు. మన దేశంలోనూ ప్రాంతీయ పోటీలు జరుగుతాయి. టి.సి.ఎస్. కంపెనీ 2012 నుంచి జరుపుతున్న 'కోడ్‌వీటా' కూడా ఇలాంటిదే. ఇందులో ఎవరికి వారే విడిగా పాల్గొనవచ్చు. గెలవకపోయినా నష్టం లేదు. రేపు ఇంటర్వ్యూలో అడిగే లెక్కలు ఈ తరహావే కనుక, సాధన వృథా కాదు.

ఆడపిల్లలకు ఏటా 50 వేలు

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 'ప్రగతి' పేరిట ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తోంది. మండలి గుర్తింపు ఉన్న కాలేజీలో మొదటి సంవత్సరంలో గాని, డిప్లొమా తర్వాత నేరుగా రెండవ సంవత్సరంలో గాని చేరినవారు దీనికి దరఖాస్తు చేయవచ్చు. కుటుంబ వార్షికాదాయం రూ. 8 లక్షలు మించకూడదు. ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులు. ఎంపికైతే ఏటా రూ. 50,000 వస్తుంది. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. కాలేజీలో చేరిన ఏడాదే పెట్టుకోకపోతే ఆ తర్వాత అవకాశం ఉండదు కనుక, తల్లిదండ్రులు దీనిని మరువరాదు.

నవంబరు: శాస్త్రవేత్త వద్ద రెండు నెలలు

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలో ఉన్న మూడు సైన్సు అకాడమీలు కలిసి ప్రతి వేసవిలో విద్యార్థులను శాస్త్రవేత్తల వద్దకు పంపుతాయి. ఎంపికైనవారు దేశంలోని ఏదో ఒక పరిశోధనాలయంలో రెండు నెలలు పనిచేస్తారు. నెలకు భృతి ఇస్తారు, రైలు ఖర్చులు ఇస్తారు. ఇంజనీరింగు విభాగంలో కంప్యూటర్ సైన్సు విద్యార్థులూ దరఖాస్తు పెట్టవచ్చు. పని వేసవిలో అయినా, దరఖాస్తు మాత్రం నవంబరు ప్రాంతంలోనే ముగుస్తుంది. పాఠం చెప్పిన గురువు సిఫారసు లేఖ కావాలి. కనుక దసరా సెలవులు కాగానే గురువును కలిసి అడగడం ఉత్తమం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: ఇంట్లో కూర్చుని ప్రపంచానికి పని

గూగుల్ కంపెనీ 2005లో ప్రారంభించిన 'సమ్మర్ ఆఫ్ కోడ్' కార్యక్రమంలో ఏటా భారతీయ విద్యార్థులు పెద్దసంఖ్యలో పాల్గొంటున్నారు. లోపలి రాత రహస్యంగా దాచకుండా అందరికీ చూపే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటిని నడిపే సంస్థలకు కొత్తవారు పని చేసిపెడతారు, గూగుల్ డబ్బు చెల్లిస్తుంది. వికీపీడియా వెనకనున్న వికీమీడియా కూడా ఇందులో పాల్గొన్న సంస్థే. 18 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. ఊరు కదలనక్కరలేదు. ఒక కంప్యూటర్, నెట్ ఉంటే చాలు.

ఫిబ్రవరిలో ఆ ఏటి సంస్థల జాబితా వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో దరఖాస్తులు తీసుకుంటారు. అయితే గడువు రోజున కాగితం నింపి పంపితే ఎంపిక కావడం కష్టం. రెండు మూడు నెలల ముందు నుంచే ఆ సంస్థ పనిలో చిన్న చిన్న తప్పులు దిద్ది, అక్కడివారికి పరిచయమైనవారికే మొగ్గు ఉంటుంది.

వేసవి: కాగితమా, పనా?

మన రాష్ట్రంలో ఇంజనీరింగు విద్యార్థులు ఇంటర్న్‌షిప్ చేయడం తప్పనిసరి. దీనిని ఆసరాగా చేసుకుని, పని నేర్పకుండా, డబ్బు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారు బయలుదేరారు. కాలేజీలో లెక్కకు ఆ కాగితం సరిపోవచ్చు. ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన పని చూపు" అంటే చూపడానికి ఏమీ ఉండదు. సొంతంగా తయారుచేసిన చిన్న ప్రోగ్రాము, అది ఊరి పాలకేంద్రం లెక్కలు చూసేదైనా సరే, కొన్న కాగితం కంటే మేలు.

డబ్బడిగితే అనుమానించాలి

ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని డబ్బు అడగడు. పేరు నమోదుకని, లాప్‌టాప్‌కు డిపాజిట్ అని, శిక్షణ రుసుమని ముందుగా సొమ్ము అడిగితే అక్కడే ఆగిపోవాలి. దొడ్డిదారిన చేర్పిస్తామనే మాట నమ్మరాదు. అలా చేరినవారిని, ధ్రువపత్రాల తనిఖీలో నిజం బయటపడగానే తొలగిస్తారు. సొమ్ము పోయినా ఎవరి మీదా గట్టిగా అడగలేని పరిస్థితి వస్తుంది. ఫోన్ ద్వారా, నెట్ ద్వారా మోసపోతే ఏమాత్రం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ.

కాగితాలు ముందే సరిచూసుకోవాలి

పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మనవైపు తరచు కనిపించేదే. గేట్ వంటి పరీక్షల్లో దరఖాస్తులోని పేరు గుర్తింపు కార్డులోని పేరుతో సరిపోవాలి. ఈ తేడాను గడువుకు ముందే దిద్దించుకోవాలి. బి.సి. విద్యార్థులు ఇంకొక విషయం గమనించాలి. రాష్ట్రంలో చెల్లే కుల ధ్రువపత్రం వేరు, కేంద్ర సంస్థలు అడిగే ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. దీనిని కేంద్ర నమూనాలో తహశీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. పాతది పనికిరాని సందర్భాలుంటాయి కనుక ఏ ఏటికా ఏడు చూసుకోవడం మేలు.

పెద్దలు అడగవలసిన ప్రశ్నలు

కంప్యూటర్ చదువు తమకు అర్థం కాదని చాలామంది తల్లిదండ్రులు పిల్లలను ఏమీ అడగరు. పాఠం అర్థం కానక్కరలేదు, నాలుగు ప్రశ్నలు చాలు. గేట్‌కు దరఖాస్తు పెట్టావా? తప్పిన సబ్జెక్టులు ఏమైనా మిగిలి ఉన్నాయా? ఈ ఆరు నెలల్లో సొంతంగా ఏం తయారుచేశావు? ఈ వేసవికి ఎక్కడ పని నేర్చుకుంటావు? చాలా కంపెనీలు పదవ తరగతి, ఇంటర్, బి.టెక్. మూడింటిలోనూ 60 శాతం మార్కులు అడుగుతాయి. చివరి ఏడాదిలో కంగారుపడితే ఆ మార్కులు వెనక్కి రావు.

గడువు తేదీలు ఏటా కొద్దిగా అటూ ఇటూ మారుతుంటాయి కనుక, ఆయా సంస్థల అధికార వెబ్‌సైట్లలో సరిచూసుకోవాలి. కాలేజీల్లో ఉద్యోగాల వ్యవహారం చూసే అధికారి ఏడాది మొదట్లోనే ఈ పట్టికను తరగతి గోడకు అతికించితే మేలు. పల్లెల్లోని గ్రంథాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల బోర్డుల మీద కూడా పై నెలలను రాసిపెట్టవచ్చు. దీనికి ఒక సుద్దముక్క తప్ప ఖర్చేమీ లేదు. సర్పంచులు, ఊళ్లోని చదువుకున్న యువకులు ఈ విషయమై శ్రద్ధ తీసుకోవలసి ఉంది.