బెళగల్ నుంచి హైదరాబాద్: కుటుంబ యాత్రపై అపోహలు – వాస్తవాలు

సి.బెళగల్ నుంచి పిల్లాపాపలతో రెండు రోజులు ఒక మహానగరం చూసి రావాలంటే దగ్గర పడేది హైదరాబాదే. మండలం తుంగభద్ర ఒడ్డున ఉంది. ఏరు దాటితే తెలంగాణ. కర్నూలు చేరుకుంటే అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. అదే దారిలో దక్షిణంగా బెంగళూరుకు 350 కిలోమీటర్ల పైమాటే. ఆదోని వారి లెక్క కొంచెం వేరు. ఆ స్టేషన్ ముంబై – చెన్నై మార్గంలో ఉండటంతో గుంతకల్లు మీదుగా బెంగళూరు వెళ్లడం తేలిక. హైదరాబాద్‌కు రైల్లో పోవాలంటే మాత్రం ఎక్కువ రైళ్లు రాయచూరు, వాడి, తాండూరు, వికారాబాద్ చుట్టి వెళ్తాయి. ఎమ్మిగనూరు పట్టణానికి రైలు మార్గమే లేదు కాబట్టి అక్కడి వారికి బస్సే దిక్కు.

కర్నూలు పడమటి మండలాల్లో హైదరాబాద్ ఎరగని ఊరు ఉండదు. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు వెళ్లేవారు కొందరైతే, భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లేవారు మరికొందరు. అయితే పనికి వెళ్లిన మనిషి చూసే నగరం వేరు. కొత్త అపార్టుమెంట్లు లేచేది ఎక్కువగా పడమటి శివార్లలో. చార్మినార్ అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరం. ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవారు కూడా సాలార్‌జంగ్ మ్యూజియం గడప తొక్కి ఉండకపోవచ్చు. ఊళ్లో వినిపించే సలహాల్లో సగం నిజాలు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

“రెండు రోజులుంటే హైదరాబాద్ అంతా చుట్టేయొచ్చు”

రెండు రోజులంటే నలభై ఎనిమిది గంటలని లెక్క వేస్తారు. చూడదగ్గ చోట్లు తెరిచి ఉండేది మాత్రం పగటిపూట ఏడెనిమిది గంటలే. సాలార్‌జంగ్ మ్యూజియం ఉదయం 10కి తెరిచి సాయంత్రం 5కు మూస్తారు. గోల్కొండ, చార్మినార్‌లలో కూడా పొద్దుగూకే లోపు సందర్శన ముగుస్తుంది. భోజనం, ప్రయాణం, చిన్నపిల్లల అలసట తీసేస్తే రోజుకు రెండు పెద్ద చోట్లు సరిగ్గా చూడవచ్చు. మూడోది పెట్టుకుంటే సాయంత్రం పూట చెరువు గట్టు వంటిదే పెట్టుకోవాలి.

హైదరాబాద్‌ను ఒక్క ఊరిగా కాక నాలుగు దిక్కులుగా చూస్తే పని తేలికవుతుంది. దక్షిణాన జూపార్కు, చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం ఒకదానికొకటి దగ్గరలో ఉన్నాయి. పడమట గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. మధ్యలో హుస్సేన్‌సాగర్, బిర్లా మందిర్, నాంపల్లి. తూర్పున బాగా దూరంగా రామోజీ ఫిల్మ్ సిటీ. కర్నూలు నుంచి వచ్చే బస్సు శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా నగరంలోకి వస్తుంది. అంటే పాతబస్తీ వైపే ముందు తగులుతుంది. బస్సు ఆగే మహాత్మా గాంధీ బస్ స్టేషన్, అందరూ ఇమ్లిబన్ అనేది, మూసీ నది మీదే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఆ మూసీ ఒడ్డునే, నడక దూరంలో. ఈ సౌలభ్యం వదిలేసి మొదటి రోజే సామాను మోసుకుని హైటెక్ సిటీ వైపు పోవడం చాలా కుటుంబాలు చేసే తప్పు. ఒక రోజు దక్షిణ దిక్కుకు, ఒక రోజు పడమటికీ మధ్యకూ కేటాయిస్తే చాలు. మిగిలింది మరో యాత్రకు.

“సెలవు దొరికిన రోజు వెళ్తే సరి”

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ అదే రోజు. మధ్యాహ్నం ప్రార్థనల వల్ల మక్కా మసీదు పరిసరాల్లో ఆ రోజు జనం ఎక్కువ. సోమవారం నెహ్రూ జూలాజికల్ పార్కు మూసి ఉంటుంది. కాబట్టి శుక్రవారం బయలుదేరేవారు ఆ రోజు గోల్కొండకు వెళ్లి, దక్షిణ దిక్కును శనివారానికి ఉంచుకోవాలి. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి, కాకపోతే నగరంలోని కుటుంబాలు కూడా ఆ రోజే జూకు వస్తాయి. బడి పిల్లలు లేని వారికి మంగళ, బుధ, గురువారాలను మించినవి లేవు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్తే బస్సులు దొరకవన్న భయం సగమే నిజం. పండుగ ముందు రద్దీ హైదరాబాద్ నుంచి ఊళ్ల వైపు. ఎదురు దిశలో సీట్లు దొరుకుతాయి. పండుగ అయ్యాక రద్దీ తిరగబడుతుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శన చూడాలంటే ఆ నెలన్నరలోనే వెళ్లాలి. పత్తి ఏరే నెలల్లో రైతు కుటుంబాలకు తీరిక ఉండదు కనుక చాలామంది ఎండాకాలానికి వాయిదా వేస్తారు. హైదరాబాద్ కర్నూలు కంటే ఎత్తు మీద ఉన్నా, మే నెల మధ్యాహ్నం గోల్కొండ రాతి మెట్లు ఎక్కితే ఆ తేడా ఏమీ తెలియదు.

“ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా”

ఇంటి ఖర్చు లెక్కను బాగా తప్పించే నమ్మకం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. రాష్ట్ర నివాసులైన మహిళలు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపి టికెట్ డబ్బులు లేకుండా ప్రయాణించవచ్చు. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు. బెళగల్ నుంచి కర్నూలు దాకా పల్లెవెలుగులో ఉచితం. కర్నూలులో హైదరాబాద్ బస్సు ఎక్కగానే పూర్తి చార్జీ. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచే ఉన్నా, అది తెలంగాణ చిరునామా ఉన్న మహిళలకు. కర్నూలు జిల్లా ఆధార్ కార్డుతో చార్మినార్ సిటీ బస్సు ఎక్కిన ఇల్లాలు టికెట్ తీసుకోవలసిందే. కండక్టర్‌తో వాదించి లాభం లేదు.

రైలు టికెట్ల మీద కూడా పాత లెక్కలే నడుస్తున్నాయి. అయిదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు సగం టికెట్ ఇప్పటికీ ఉంది, కానీ 2016 ఏప్రిల్ నుంచి ఆ సగం టికెట్‌కు బెర్తు రాదు. విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. అరవై దాటినవారికి ఉన్న రాయితీని రైల్వే 2020 మార్చిలో ఎత్తేసింది. రిజర్వేషన్ నాలుగు నెలల ముందే చేసుకోవచ్చన్నదీ పాతమాటే: 2024 నవంబర్ 1 నుంచి గడువు 60 రోజులు. ఇక కర్నూలులో ఆగే కాచిగూడ – యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబర్‌లో వచ్చినప్పటి నుంచి “మూడు గంటల్లో హైదరాబాద్” అన్న మాట బాగా వ్యాపించింది. వేగం నిజమే. వేళ కలిసి రాదు. కాచిగూడలో అది తెల్లవారుజామున బయలుదేరి, తిరిగి రాత్రి 11 గంటల ప్రాంతంలో చేరుతుంది. కర్నూలు నుంచి అందులో వెళ్లేవారు అర్ధరాత్రి పిల్లల్ని లేపి లాడ్జి వెతుక్కోవాలి. తిరుగు ప్రయాణానికి అందులోనే రావాలంటే తెల్లారకముందే స్టేషన్‌కు చేరాలి.

“రాత్రి బస్సెక్కితే ఒక రోజు కలిసొస్తుంది”

బెంగళూరుకో తిరుపతికో ఇది సరిపోతుందేమో. కర్నూలు – హైదరాబాద్ నాలుగైదు గంటల దారి. రాత్రి పది, పదకొండుకు ఎక్కితే తెల్లవారుజామున మూడు, నాలుగుకు ఇమ్లిబన్‌లో దిగుతారు. తొమ్మిది దాటేవరకు చూడటానికి పెద్దగా ఏదీ తెరవరు. చాలా లాడ్జిల్లో దిగిన గంట నుంచే ఇరవై నాలుగు గంటల లెక్క మొదలవుతుంది కాబట్టి ఒక రోజు అద్దె నిద్రకే పోతుంది. తెల్లారేసరికి కర్నూలులో ఉండి, పదకొండు లోపు హైదరాబాద్‌లో దిగి, గదిలో సామాను పెట్టి, మధ్యాహ్నం మ్యూజియంలోకి వెళ్లడం ఇంతకంటే నయం. గది తీసుకునేటప్పుడు పెద్దలందరి ఆధార్ కార్డులూ అడుగుతారు. ఇంటి యజమాని కార్డు ఒక్కటే పట్టుకుపోతే సరిపోదు.

చుట్టాలింట్లో దిగితే బస ఖర్చు తప్పుతుందన్నది మరో లెక్క. ఆ చుట్టాలు మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఉంటే పాతబస్తీకి రానూపోనూ రోజుకు మూడు గంటలు దారికే పోతాయి. మర్యాదలకు పోయే సమయం దీనికి అదనం. బంధువుల్ని చూడటం, ఊరు చూడటం రెండూ మంచివే. రెండు రోజుల్లో రెండూ ఇమడవు. మియాపూర్ వారింట దిగితే మాత్రం ఒక మేలుంది: అక్కడ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఇమ్లిబన్ దగ్గర దిగవచ్చు.

“మెట్రో ఉంది, ఆటోలతో పనేముంది”

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలై 69 కిలోమీటర్లకు విస్తరించింది. మూడు మార్గాలు: మియాపూర్ – ఎల్బీ నగర్, నాగోల్ – రాయదుర్గం, జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మా గాంధీ బస్ స్టేషన్. వీటిలో ఏదీ చార్మినార్ దాకా పోదు. పాతబస్తీలోకి వెళ్లాల్సిన మార్గం ఇమ్లిబన్ దగ్గరే ఆగింది. అక్కడి నుంచి చార్మినార్‌కు రెండు కిలోమీటర్ల పైచిలుకు ఆటోలోనో సిటీ బస్సులోనో వెళ్లాలి. గోల్కొండకూ మెట్రో లేదు, జూకూ లేదు. నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్లు మాత్రం బిర్లా మందిర్, పబ్లిక్ గార్డెన్స్ చూసేవారికి పనికొస్తాయి. అయినా పల్లె నుంచి వచ్చిన పిల్లలకు మెట్రో ఎక్కడమే ఒక వేడుక. అందుకోసం ఒక గంట కేటాయిస్తే ఎవరూ తప్పు పట్టరు.

సొంత కారు ఉన్నవారు మెట్రో, ఆటోల బెడద లేదనుకుంటారు. పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్ గేట్లు దాటి నగరంలోకి వచ్చాక చార్మినార్ చుట్టూ వాహనాలకు ప్రవేశం లేదని తెలుస్తుంది. కారు ఎక్కడో దూరంగా ఆపి నడవాల్సిందే. కారు అక్కరకొచ్చేది రామోజీ ఫిల్మ్ సిటీకే. నగరంలోకి దిగకుండా శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట వద్ద విజయవాడ రహదారిలోకి మారితే సరిపోతుంది. 1996లో మొదలైన ఆ ఫిల్మ్ సిటీని ఒక పూటలో చూడవచ్చన్నది కూడా అపోహే. ఉదయం వెళ్లినవారికి సాయంత్రం దాకా పడుతుంది. టికెట్ ఖరీదు కూడా ఒక పూటకు గిట్టేది కాదు.

చూసే చోట్ల గురించి చెప్పుకునేవి

చార్మినార్ పై దాకా ఎక్కవచ్చని పిల్లలకు మాట ఇచ్చి తీసుకెళ్లేవారున్నారు. మీనార్లలో 149 మెట్లున్నా సందర్శకులను మొదటి అంతస్తు వరకే పంపుతారు. పెద్దలకు టికెట్ 25 రూపాయలు. పురావస్తు శాఖ కట్టడం కనుక 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. అక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న కథ ప్రతి గైడూ చెబుతాడు. అలాంటి సొరంగం బయటపడింది లేదు. కట్టడం 1591 నాటిది. హిజ్రీ వెయ్యో సంవత్సరం ఆరంభమైనదీ ఆ ఏడాదే. మహమ్మారి తగ్గినందుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడన్న కథతో పాటు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పదగినది.

సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ఒక్క మనిషి సేకరించాడని రాస్తుంటారు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ వాటా పెద్దదే కానీ, అక్కడ అందరూ ఆగి చూసే మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని 1876లో రోమ్‌లో కొన్నది మొదటి సాలార్‌జంగ్. మూడు తరాల సొత్తు అది. అదే మ్యూజియంలోని గడియారం మధ్యాహ్నం 12కే మోగుతుందన్నది కూడా నిజం కాదు. గడియారంలోని చిన్న బొమ్మ ప్రతి గంటకూ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కనుక జనం అప్పుడు మూగుతారు. మూడు గంటలకు వెళ్తే ముందు వరుసలో కూర్చుని చూడవచ్చు.

గోల్కొండలో వజ్రాలు తవ్వారనుకోవడం అన్నిటికంటే పాత అపోహ. కోట ఉన్న గుట్టలో గనులేవీ లేవు. గోల్కొండ వజ్రాల బజారు, ఖజానా. రాళ్లు వచ్చింది కృష్ణా తీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల నుంచి, రాయలసీమ గనుల నుంచి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూసిన కర్నూలు పిల్లలకు ఈ సంగతి వేరేవారికంటే త్వరగా అర్థమవుతుంది. కోట ద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే గుట్ట పైనున్న బాలాహిసార్ మీద వినిపిస్తుందన్నది మాత్రం కట్టుకథ కాదు. ఆదివారం మధ్యాహ్నం వందమంది ఒకేసారి కొడితే ఎవరి చప్పుడో తేలదు, అంతే. పైకి మూడు వందలకు పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కింది తోటలో కూర్చోవడం మేలు. ఉదయం తెరవగానే ఎక్కి, ఎండ ముదరక ముందే దిగాలి.

హుస్సేన్‌సాగర్ నడుమనున్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి లుంబినీ పార్కు నుంచి పడవలో వెళ్తారు. విగ్రహాన్ని నీళ్లలోనే చెక్కారని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. అది రాయగిరి దగ్గర చెక్కిన ఏకశిల. 1990 మార్చిలో తరలిస్తుండగా సాగర్‌లో మునిగిపోయి, 1992 డిసెంబర్‌లో పైకి లేచింది.

తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు సాయంత్రం వరకు తిరిగి రాత్రి బస్సెక్కవచ్చనుకుంటారు. ఆదివారం సాయంత్రం రద్దీ హైదరాబాద్ వైపే ఉంటుంది కాబట్టి కర్నూలు బస్సుల్లో సీటు దొరకడం కష్టం కాదు. ఇబ్బంది కర్నూలులో దిగాకే. రాత్రి పొద్దుపోయాక బెళగల్ వైపు పల్లెవెలుగులు అంతగా ఉండవు. ఆటో మాట్లాడుకుంటే ఆ కొద్ది దూరానికే ఒక బస్సు టికెట్‌కు మించి పోతుంది. మధ్యాహ్నం ఒంటి గంటకల్లా ఇమ్లిబన్‌లో బస్సెక్కితే చీకటి పడకముందే కర్నూలు చేరి, ఊరి బస్సు అందుకోవచ్చు.