దమ్ముసేద్యమునకై ట్రాక్టరు వెనుక ఇరుసుకు చేయు మార్పులు

కృష్ణకు బెజవాడకడ 1855వ సంవత్సరమున ఆనకట్ట ముగిసి కాలువలు పారనారంభించినది లగాయతు మన పామిడిముక్కల, ఉయ్యూరు, గుడివాడ, బందరు ప్రాంతములలో సార్వా అనగా దమ్ముసేద్యమే యైనది. మడిని నీటితో నింపి, పలుమారులు దున్ని, అడుసుచేసి, చదునుపరచి ఊడ్చుట మన పద్ధతి. పూర్వము ఈ పనిని ఎడ్లును దున్నపోతులును చేసెడివి. నేడు ట్రాక్టరు చేయుచున్నది.

అయితే ట్రాక్టరు అడుసుకొరకు పుట్టిన యంత్రము కాదు. ఐరోపా అమెరికా ఖండములలోని విశాలములైన మెట్టభూములను దున్నుటకు అది పుట్టినది. ఎద్దుకు నాడా కొట్టించినట్లే మన రైతులు దాని వెనుక ఇరుసుకు తమకు వలసిన మార్పులను వెల్డింగు షాపులలో చేయించుకొనుచున్నారు. వీనిలో కొన్ని మిక్కిలి మేలైనవి. కొన్ని యంత్రమునకు చేటు. కొన్ని ప్రాణమునకే ముప్పు. ఏది ఎట్టిదో తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పశ్చిమదేశములలో ఇండ్లముందరి పచ్చికను కోయుటకు మనిషి ఎక్కి కూర్చుండి నడుపు చిన్న యంత్రము లున్నవి. కొందరు వేడుకకై వాని వెనుక ఇరుసును మార్చి, పెద్దగాళ్ల టైర్లు తొడిగి, బురదలోను మిట్టపల్లములలోను తోలుదురు. చదునైన నేలకై చేసిన పలుచని పెట్టెలోని పండ్లచక్రములు ఆ భారమునకు ఓర్వలేక విరిగిపోవుట కలదు. వారికది వినోదము. మనకు దమ్ము వినోదము కాదు; కాలువకు నీరు వచ్చిన కొద్దిదినములలో ముగియవలసిన పని. ఆ దినములలో ఇరుసు విరిగినచో నారు ముదిరిపోవును. కావున విషయము నెరిగి మార్పు చేయించుట అవసరము.

ఇరుసు చేయు పని

ఇంజను వేగముగా తిరుగును. చక్రము మెల్లగా తిరుగవలెను. గేరుపెట్టెయు, ఇరుసుపెట్టెలోని పండ్లచక్రములును వేగమును తగ్గించి, ఆ మేరకు బలమును పెంచి చక్రమున కందించును. కుడియెడమల కొకటిచొప్పున రెండు ఇరుసుకడ్డీలు బేరింగులపై తిరుగుచుండును. వాని నడుమ నున్నది డిఫరెన్షియలు. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువదూరము, లోపలి చక్రము తక్కువదూరము పోవలెను గదా! ఆ వ్యత్యాసమునకు వీలు కల్పించుటయే దీని పని.

దీనికొక లోపము కలదు. ఒక చక్రము బురదలో పట్టుదప్పినచో బలమంతయు పనికిరాక ఆ చక్రము ఊరక గిరగిర తిరుగును. గట్టినేలపై నున్న రెండవది కదలదు. ఇందునకే ట్రాక్టరులో డిఫరెన్షియలు లాకు అమర్చియుందురు. దానిని త్రొక్కిన రెండు చక్రములును ఒక్కటిగా తిరుగును. జారిన చోట త్రొక్కి, తిన్నగా సాగి, మలుపునకు ముందే వదలవలెను. చక్రము అతివేగముగా జారుచుండగా త్రొక్కరాదు. వేగము తగ్గించి త్రొక్కవలెను.

కొందరు ఈ లాకును శాశ్వతముగా బిగించి వెల్డింగు చేయించుటకు పూనుకొందురు. ఇది కూడనిపని. మన మళ్లు చిన్నవి; గట్టుగట్టునకు మలుపు తప్పదు. ప్రతి మలుపునను ఒక చక్రము ఈడ్వబడుచు ఆ భారమంతయు ఇరుసుకడ్డీపై పడును. అడుసులో కొంత సర్దుకొనునుగాని రోడ్డుపై సర్దుకొనదు. ఇరుసుకడ్డీ విరుగుటొక నష్టము; కాలువగట్టుపై మలుపు తిరుగక బండి తిన్నగా నీటిలోనికి పోవుట అంతకంటె గొప్ప ప్రమాదము.

దమ్ముచక్రములు

కేజివీలు అని మనవారు పిలుచు ఇనుపచక్రములు రెండువిధములు. టైరును తీసివేసి దాని స్థానమున బిగించునది పూర్తిచక్రము. టైరు నుంచి దాని వెలుపలిప్రక్కన బిగించునది అరచక్రము. రెండింటి ప్రయోజనము నొకటియే: భారమును ఎక్కువ వెడల్పుపై పరచి బండి దిగబడకుండ చేయుటయు, అడ్డపట్టెలతో అడుసును పట్టుకొని ముందునకు నెట్టుటయు. ఆ పట్టెలు మట్టిని త్రొక్కి కలుపుచుండుటచే దమ్ముకును సాయమగును.

వీనిని చేయించునపుడు మూడు విషయములను గమనింపవలెను.

మొదటిది వ్యాసము. అరచక్రము టైరుకంటె కొంచెము చిన్నదిగా నుండవలెను. అప్పుడు గట్టినేలపై టైరే భారము మోయును. అడుసులో టైరు దిగినపుడే ఇనుపచక్రము పనిలోనికి వచ్చును. దానిని టైరుకంటె పెద్దదిగా చేసినచో భారమంతయు ఇనుపచక్రముమీదను, దానిద్వారా ఇరుసుచివరను పడును. పూర్తిచక్రము విషయమునను ఇట్లే. 28 అంగుళముల వ్యాసార్ధముగల టైరు స్థానమున 32 అంగుళముల వ్యాసార్ధముగల చక్రము బిగించితిమనుకొందము. నేలను అంతే బలముతో నెట్టుటకు ఇరుసు నూటికి 14 వంతులు ఎక్కువ మెలిత్రిప్పు బలము నీయవలసివచ్చును. ఆ యధికభారమును మోయవలసినది లోపలి పండ్లచక్రములే.

రెండవది వెడల్పు. బండియిరుసు సంగతి మన కెల్లర కెరుకయే. చక్రము గుమ్మటమునకు దగ్గరగా నున్నంతసేపు ఇరుసు భారము నోర్చును. చీలవైపునకు జరిగినకొలది వంగును. ఇక్కడను అదే సూత్రము. బేరింగునుండి ఒక అడుగు దూరమున 400 కిలోల భారము పడిన నెంత వంపుబలము కలుగునో, రెండడుగుల దూరమున అదే భారము పడిన దానికి రెట్టింపు కలుగును. కావున అతివెడల్పు చక్రము దిగబడకుండ కాపాడునట్లు కనబడినను బేరింగులను, ఇరుసుకడ్డీని త్వరగా అరగదీయును. ట్రాక్టరు తయారుచేసినవారు చెప్పిన కొలతలను మించరాదు.

మూడవది సమత. రెండుచక్రములును ఒకే బరువు, ఒకే వ్యాసము గలవై యుండవలెను. ఒకటి వంకరయైనచో డిఫరెన్షియలు తిన్నగా పోవుచున్నపుడును పనిచేయుచునే యుండి అరిగిపోవును. బోల్టులు మొదటిగంట పని ముగిసినతోడనే మరల బిగింపవలెను.

మెట్టదుక్కిలో పట్టుకొరకు టైర్లలో నీరు నింపుట, చక్రములకు పోతయినుప బిళ్లలు తగిలించుట కలదు. టైరులో 150 లీటర్ల నీరు పోసిన 150 కిలోల బరువు పెరుగును. మెట్టలో ఇది మేలు, దమ్ములో కీడు. అడుసున దిగుటకు ముందు ఈ బరువులను తీసివేయవలెను.

నీరు, బురద, గడ్డి

ఇరుసుచివర ఆయిలు సీలు కలదు. లోపలి నూనెను బయటికి, బయటి నీటిని లోనికి పోనీయకుండుట దాని ధర్మము. వరిగడ్డి, నారుతాళ్లు హబ్బుకు చుట్టుకొని దానిని కోసివేయును. ప్రతిసాయంకాలమును చుట్టుకొన్న గడ్డిని కోసి తీయవలెను.

మరియొక సూక్ష్మము కలదు. పనిలో ఇరుసుపెట్టె వేడెక్కి లోపలిగాలి వ్యాకోచించును. అట్టి వేడిబండిని లోతునీటిలో ఆపినచో పెట్టె చల్లబడి, గాలి కుదించుకొని, బయటినీటిని లోనికి పీల్చును. కావున అడుసున ఆపి భోజనమునకు పోరాదు, గట్టుమీదికి తీసికొనిరావలెను. గాలి పీల్చు చిన్నరంధ్రమునకు మట్టి పట్టకుండ చూడవలెను. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గుర్తు. దానిని వెంటనే మార్చవలెను. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడజాలదు.

బ్రేకుల సంగతియు చూడవలెను. పొడి బ్రేకులలోనికి బురద చేరిన పట్టుతప్పును. నూనెలో మునిగియుండు బ్రేకులు దమ్మునకు తగినవి. క్రొత్తబండి కొనువారు దీని నడిగి తెలిసికొనుట మేలు.

గట్టిపొర

మన నల్లరేగడి మళ్లలో దున్నెడి లోతుకు దిగువను ఏండ్లతరబడి త్రొక్కుడుచే ఒక గట్టిపొర ఏర్పడియున్నది. నీరు ఇంకిపోకుండ ఆపునది, ఎద్దును ట్రాక్టరును నిలుపునది ఆ పొరయే. అతిబరువు బండి, లోతుపట్టెల చక్రము ఒకేచోట జారుచు తిరిగినచో ఆ పొర చిల్లిపడును. తరువాతి సంవత్సరము ఆ చోటనే మరల దిగబడును, ఏటేటను గుంట పెద్దదగును, నీరును నిలువదు.

దీని ఫలము మినుముచేనికిని తగులును. వరికోతకు కొలదిదినములు ముందు మినుమును పెసరను చేనిలో వెదజల్లుట మన డెల్టాచార మగుటచే, నేల చదునుగా నుండుట ముఖ్యము. గాడులుపడి నీరు నిలిచినచోట గింజ కుళ్లును. మిట్టపై తేమ చాలక మొలవదు. కోతయంత్రపు గొలుసులు మొలకను నలుపుట దీనికి తోడు.

దిగబడినప్పుడు

ఇప్పుడు చెప్పబోవు విషయమును రైతులును డ్రైవర్లును ముఖ్యముగా గమనింపగోరెదము. బండి దిగబడినపుడు వెనుకచక్రములకు దుంగనో వెదురుబొంగునో గొలుసుతో కట్టి, గేరువేసి బయటికి తీయ యత్నించు నలవాటు అనేకచోట్ల కలదు. ఇది మృత్యువును పిలుచుటయే.

కారణమిది. ఇరుసు చక్రమును ముందునకు త్రిప్పుచున్నపుడు, అదే బలముతో బండిశరీరమును వెనుకకు త్రిప్పజూచుచుండును. చక్రము తిరిగినంతసేపు ఇది తెలియదు. చక్రము కదలక నిలిచిపోయినచో శరీరమే ఇరుసుచుట్టు పైకి లేచును. ముందుచక్రములు నేల విడిచిన ముక్కాలు సెకనులోనే వెనుదిరుగరాని స్థితి కలుగును. మనిషి క్లచ్చి త్రొక్కుటకు వ్యవధి యుండదు. బండి డ్రైవరుపై బోర్లపడును. అడుసున పడినవానికి ఊపిరియు ఆడదు. బరువును డ్రాబారుకు గాక ఇరుసుకంటె ఎత్తున కట్టి లాగినను ఇదే ఫలము. 1917లో వెలువడిన ఫోర్డుసను ట్రాక్టర్లకు ఈ అపఖ్యాతి యుండెను. హారీ ఫెర్గూసను కనిపెట్టిన మూడులింకుల అమరిక ఈ ముప్పును చాలవరకు తగ్గించినది. స్వీడనుదేశమువారు 1959లో క్రొత్తట్రాక్టర్లకు రక్షణచట్రమును నిర్బంధము చేసిరి.

దిగబడినపుడు చేయవలసినదిది. చక్రమును ఊరక త్రిప్పరాదు. త్రిప్పినకొలది గోయి లోతగును. పనిముట్టును విప్పి బరువు తగ్గింపవలెను. చక్రములకు ముందును వెనుకను మట్టిని పారతో తీసి, పలకలనో గడ్డిమోపులనో వేయవలెను. చక్రమునకు ఏదియు కట్టరాదు. వచ్చినదారినే వెనుకగేరుతో మెల్లగా తీయుట ఉత్తమము. వెనుకకు నడచునపుడు ఆ బలము ముందుభాగమును నేలకే అదుమును. అట్లును రానిచో గట్టుపైనున్న మరియొక ట్రాక్టరుతో, దాని డ్రాబారుకు కట్టిన పొడుగైన గట్టిమోకుతో లాగింపవలెను. మోకు తెగిన కొరడావలె కొట్టును గనుక ఎవ్వరును దగ్గర నిలువరాదు.

రోడ్డుపై నడక

ఇనుపచక్రములతో తారురోడ్డుపై నడుపుట రోడ్డుకు చేటు, ఇరుసునకును చేటు. అడుసులో మెత్తగా కలుగు దెబ్బ రోడ్డుపై ప్రతిపట్టెకును సుత్తిదెబ్బయై బేరింగునకు తగులును. ప్రజల సొత్తగు రోడ్డును పాడుచేసినవారిపై అధికారులు చర్య తీసికొందురు. చక్రములను ట్రక్కులో వేసికొనిపోయి చేనిగట్టుకడ బిగించుకొనవలెను. రోడ్డెక్కుటకు ముందు కుడియెడమ బ్రేకుపెడళ్లను ఒకటిగా కలిపి కొక్కెము వేయవలెను. దమ్ములో విడివిడిగా త్రొక్కిన అలవాటుతో రోడ్డుపై ఒక్కటే త్రొక్కినచో బండి ప్రక్కకు తిరుగును. మన రోడ్ల ప్రక్కన నున్నది కాలువ.

విజ్ఞప్తి

ఇనుపచక్రముల జత ఏటికి కొలదివారములే పనికివచ్చును. ఒకే రకపు ట్రాక్టరు గల ఇరువురు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలసి ఒకజతను మంచియినుముతో, సరియైన కొలతలతో చేయించుకొనుట చవక. అద్దెకు దమ్ముచేయించు సభ్యులు గంటకింత యని బేరమాడుటతోనే తృప్తిపడక, చక్రముల కొలత, బ్రేకుల స్థితి అడుగవలెను. లోతైన గోతులెచ్చట గలవో డ్రైవరుకు ముందుగా చూపవలెను. ప్రతి గ్రామమునను సంఘముపక్షమున నాలుగు దళసరిపలకలు, ఒక గట్టిమోకు సిద్ధముగా నుంచిన దుంగలు కట్టు నవసరమే కలుగదు. వానివెల స్వల్పము. కాలువకు నీరు విడుచుటకు పూర్వమే ఈ యేర్పాటును చేసికొనవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము.