కొత్త మందు ఎవరికిస్తారు?

‘రొమ్ము క్యాన్సర్‌కు కొత్త మందు’ అని పేపర్లో నాలుగు లైన్ల వార్త పడితే చాలు, ఆ రోజు నాకు రెండు ఫోన్లయినా వస్తాయి. నేను డాక్టర్ని కాను. జంగారెడ్డిగూడెంలో సైన్స్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. మావారి అక్కగారి జబ్బు మూలంగా నాలుగేళ్లుగా ఆస్పత్రి ఫైళ్లు మోస్తున్నాను కనక, ‘టీచరుగారికి తెలుస్తుంది’ అని అడుగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ‘ఆ మందు మనకిస్తారాండీ?’

ఆ వార్తల్లోని మందులు చాలావరకు ఇంకా షాపుకు రానివి. ప్రయోగంలో ఉన్నవి. వాటిని వాడాలంటే క్లినికల్ ట్రయల్‌లో చేరాలి. అందుకు జబ్బు ఉండటం ఒక్కటే చాలదు. డబ్బుతో అసలు పని జరగదు. మరి ఎవరిని తీసుకుంటారు?

ముందుగా ఒక మాట. తొలిదశ ప్రయోగం అంటే జబ్బు తగ్గించడానికి పెట్టింది కాదు. మనిషి శరీరం ఆ మందును ఎంత మోతాదు దాకా తట్టుకుంటుందో చూడటానికి పెట్టింది. పాత పద్ధతి ఇలా ఉంటుంది: మొదట ముగ్గురికి తక్కువ మోతాదు ఇస్తారు. వాళ్లకేమీ కాకపోతే తర్వాతి ముగ్గురికి కాస్త ఎక్కువ. వారిలో ఒకరికి తీవ్రమైన బాధ వస్తే అదే మోతాదు ఇంకో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. ఇద్దరికి వచ్చిందంటే ఆగి, కిందికి దిగుతారు. పోల్చకూడదు గానీ, పప్పులో ఉప్పు కొద్దికొద్దిగా వేసి చూసుకోవడం లాంటిదే. ‘ఉత్తి మాత్ర ఇచ్చి మోసం చేస్తారేమో’ అని కొందరి భయం. ఈ తొలిదశలో సాధారణంగా అందరికీ అసలు మందే ఇస్తారు. ఎంత ఇస్తారన్నదే తేడా.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈ విషయంలో మన పశ్చిమ గోదావరికి ఓ బంధుత్వం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ తయారు చేయించిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం నెమ్మదించింది. దాని తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ మీదా పనిచేస్తుందని 1951లో డాక్టర్ జేన్ రైట్ బృందం చూపించింది. తర్వాత చాలా ఏళ్లు లక్షలాది ఆడవాళ్లకు ఎక్కించిన మూడు మందుల కీమోలో అదొకటి. ఆ మొదటి పదహారు మందీ వేరే మందంటూ లేని పిల్లలు. ఈనాటికీ తొలిదశ ప్రయోగానికి మొదటి షరతు అదే: ఉన్న మందులు అయిపోయి ఉండాలి. కాకపోతే ఇప్పుడు దాని వెనక ఇంకో ఇరవై షరతులున్నాయి.

వదినగారి ఫైలు

మా వదినగారికి యాభై నాలుగేళ్లు. ఆపరేషను, కీమో అయిన మూడేళ్లకి జబ్బు ఎముకల్లోకి, లివర్లోకి పాకింది. హార్మోను మాత్రలు వాడారు, మళ్లీ కీమో ఎక్కించారు. అవీ పనిచేయడం మానేశాక హైదరాబాదులో డాక్టరుగారు ‘ఒక ట్రయల్ ఉంది, చూద్దామా?’ అన్నారు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగాం. ఆ ఒక్క రోజులో నాకు తెలిసినంత సైన్స్ నేను పిల్లలకి ఏడాదిలోనూ చెప్పలేదేమో.

వాళ్లు మొదట అడిగింది గడ్డ రకం. హార్మోను గ్రాహకాలున్నాయా, హెర్‌2 ఉందా, రెండూ లేవా? కొత్త మందులు చాలావరకు తాళానికి తగిన తాళంచెవిలాంటివి. హెర్‌2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్‌ను ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉన్న ఆడవాళ్ల మీదే పరీక్షించారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి పదిహేను, ఇరవై మాత్రమే ఆ రకం. మిగతావాళ్లకి అది ఉపయోగపడదు. అందుకే పాత బయాప్సీ బ్లాకు దాచమని ఆస్పత్రిలో గట్టిగా చెప్పండి. ఒక్కోసారి కొత్తగా ముక్క తియ్యాలంటారు. ‘మళ్లీ సూదా?’ అని వదినగారు అటు తిరిగిపోయారు.

తర్వాత చూసింది మనిషి ఓపిక. తన పనులు తాను చేసుకుంటున్నారా? పగలు సగం కంటే ఎక్కువ మంచం మీదే ఉంటే సాధారణంగా తీసుకోరు. వదినగారు కూరలు తరుగుతారు, శనివారం మద్ది ఆంజనేయస్వామి గుడికి వెళ్లొస్తారు. అందులో పాసయ్యారు. స్కానులో కొలవడానికి వీలైన గడ్డ ఒకటైనా ఉండాలి, లేకపోతే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? అదీ ఉంది. చివరి కీమో అయ్యి కొన్ని వారాలు గడవాలి. గుండెకి ఎకో. హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు. మెదడుకి పాకిందా, పాకితే వైద్యం తర్వాత నిలకడగా ఉందా? వయసులో ఉన్నవాళ్లయితే గర్భం లేదని పరీక్ష, ప్రయోగం ఉన్నంతకాలం గర్భం రాకుండా జాగ్రత్త. పాలిచ్చే తల్లుల్ని తీసుకోరు. ఇంకోటి, పసరు మందులు, ఆకు మందులు ఏవి మింగుతున్నా చెప్పాలి, ఆపాలి. మనవాళ్లు దాచేది ఇక్కడే. ఆ పసరుకీ ఈ మందుకీ పడకపోతే ఆ బాధ కొత్త మందు ఖాతాలో పడుతుంది. అంతకంటే ముఖ్యం, మన ప్రాణానికి ముప్పు.

చివర్లో రక్తం. కణాలు సరిపడా ఉండాలి, కిడ్నీలు, లివరు ఓ మోస్తరుగా పనిచేస్తుండాలి. మందును విరిచి బయటికి పంపాల్సింది అవేగా. వదినగారికి బిలిరుబిన్ గీత దాటింది. ‘ఈసారికి కుదరదమ్మా, నెల తర్వాత మళ్లీ చూద్దాం’ అన్నారు.

బస్టాండులో ఆవిడ అన్నమాట ఇది: ‘రోగం ముదిరిందని పిలిచారు, ముదిరిందని పొమ్మంటన్నారు. ఇదెక్కడి లెక్కమ్మా?’

నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ లెక్క ఉంది. ఇంకే మందూ లేనంత జబ్బు ఉండాలి, కొత్త మందు దెబ్బ తట్టుకునేంత ఆరోగ్యమూ ఉండాలి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఇరుకు సందు. లివరు దెబ్బతిన్న మనిషికి తెలియని మందు ఇస్తే అది వైద్యం కాదు, జూదం.

‘మందులు అయిపోయాయి’ అన్నదాని మీద నాకో పట్టింపు ఉంది. పనిచేయక అయిపోవడం వేరు, కొనలేక అయిపోవడం వేరు. ట్రాస్టుజుమాబ్ మన దేశంలో తయారై 2014 నుంచి దొరుకుతోంది. అలాంటి మందు అందని మనిషిని ‘ఇక ప్రయోగమే దిక్కు’ అనడం నాకు న్యాయంగా తోచదు. ముందు అది అందుతుందేమో, ప్రభుత్వ పథకంలో వస్తుందేమో అడగండి.

ఆశ ఎంత?

అమెరికాలో 1991, 2002 మధ్య జరిగిన 460 తొలిదశ క్యాన్సర్ ప్రయోగాల్ని, దాదాపు 12 వేల మంది వివరాల్ని కలిపి చూసిన పరిశోధన 2005లో వచ్చింది. నూటికి పదిమందిలో గడ్డ తగ్గింది. మందు వల్లే పోయినవారు రెండొందల మందికి ఒకరు. రకరకాల క్యాన్సర్లు కలిపిన లెక్క ఇది. చేరాలనుకునేవాళ్లకి ఈ రెండు అంకెలూ చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి మింగకూడదు. ఇక శ్రమ సంగతి. మందు ఇచ్చిన మొదటిరోజు గంట గంటకీ రక్తం తీయొచ్చు. వారం వారం వెళ్లాలి. పొగాకు బేరన్లు మండే రోజుల్లో ఇంటినుంచి ఇద్దరు మనుషులు హైదరాబాదులో కూర్చోవాలంటే మాటలా?

సంతకం ఎవరిది?

మన సరిహద్దు దాటితే పాత ఖమ్మం జిల్లా. అక్కడ 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. టీకా కొత్తదేం కాదు, అప్పటికే అనుమతి ఉన్నదే. పిల్లల మరణాలు కొన్ని బయటికొచ్చి 2010 ఏప్రిల్‌లో ఆపించారు. వాటికి టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారని తేలింది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లు డబ్బు కోసం హైదరాబాదు వెళ్లి మందుల పరీక్షలకు లోనయ్యారన్న వార్త వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి డబ్బిచ్చి చేసే పరీక్షలు అవి. మనం చెప్పుకుంటున్న ప్రయోగాలు వేరు. వీటిలో జబ్బున్నవాళ్లనే తీసుకుంటారు. రెంటినీ కలిపేసి ‘ట్రయలంటే ఎలకల్లా వాడుకోవడమే’ అనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

2019 మార్చి నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల్లో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సంతకం రోగిది. భర్తది కాదు, కొడుకుది కాదు. చదవలేని మనిషైతే, ప్రయోగంతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. సంతకం పెట్టిన ఫారం కాపీ మనకివ్వాలి. ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంటుంది. ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ వివరాలు ఆ కాగితంలోనే ఉంటాయి. ప్రతి ప్రయోగం సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టర్లో నమోదు కావాలి, 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. నంబరు అడిగి, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లల చేత చూపించుకోండి. ఎవర్ని తీసుకుంటారో, ఎవర్ని తీసుకోరో అక్కడ రాసి ఉంటుంది.

ఆ ఫారం తెలుగు మాత్రం... ‘ప్రతికూల సంఘటన’ అని ఉంటే వదినగారు బస్సు ప్రమాదమేమో అనుకున్నారు. వాంతులు, విరేచనాలు అని రాస్తే సొమ్మేం పోయింది?

నెల దగ్గరపడుతోంది. రక్తం ఈసారి పాసైనా వెళ్లాలో వద్దో ఆవిడ తేల్చలేదు. మేనల్లుడు వెళ్దామంటాడు, అన్నయ్యగారు వద్దంటారు. ఆవిడ ఇద్దరికీ జవాబు చెప్పకుండా ఫారం దిండు కింద పెట్టుకుని, అర్థం కానిచోటల్లా పెన్సిల్ గీత గీస్తున్నారు. నిన్న ఆ గీతల్ని నా చేత ప్రశ్నలుగా రాయించారు. పదకొండు తేలాయి. మొదటిది: ‘మధ్యలో ఇంటికి పంపిస్తారా?’