గొర్రెల పెంపకం యువకులకు గిట్టుబాటేనా?

సిద్దిపేట: గొర్రెల పంపిణీ పథకం మన జిల్లాలోని కొండపాకలోనే 2017 జూన్ 20న ప్రారంభమైంది. 18 ఏళ్ళు నిండి, గొర్రెల పెంపకందారుల సంఘంలో సభ్యత్వం ఉన్న గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. యూనిట్ ధర అప్పట్లో 1,25,000 రూపాయలు. అందులో లబ్ధిదారుడు కట్టింది 31,250. మిగతాది సబ్సిడీ. కొందరి మంద పెరిగింది. కొందరివి దొడ్డి దాకా రాకుండానే చేతులు మారాయి.

ఇంతకూ 20 గొర్రెలతో ఒక కుర్రవాడు బతకగలడా? గొర్రె సూడి కాలం సుమారు 5 నెలలు. ఏటా ఒక ఈత ఖాయమని, చచ్చినవి పోను 15 పిల్లలు దక్కాయని అనుకుందాం. వాటిలో 8 పోతులను అయిదేసి వేలకు అమ్మితే 40 వేలు. మందులకు, మేతకు 8 వేలు తీసివేస్తే 32 వేలు మిగులు. చాలామంది లెక్క ఇక్కడితో ఆగుతుంది. రోజంతా మంద వెంట తిరిగిన మనిషికి రోజుకు 100 రూపాయలే కట్టినా ఏడాదికి 36,500. అంటే 4,500 నష్టం! ఏడు ఆడపిల్లలు మందలో కలిశాయి, నిజమే. కాని అవి ఈనే దాకా చేతికి పైసా రాదు.

అయితే 20 గొర్రెలను కాసే మనిషే 60 గొర్రెలనూ కాయగలడు. ముగ్గురు స్నేహితులు మందలు కలిపి వంతులవారీగా కాస్తే, అదే లెక్కన కూలి పోను తలా 20 వేలకు కాస్త తక్కువగా మిగులుతుంది. వానాకాలం ముందు రైతుల చేలల్లో మంద పెడితే వచ్చే గింజలు, డబ్బు దీనికి అదనం.

వ్యాపారం నేర్చుకోవడానికి మన పల్లెల్లో పాత బడి ఒకటుంది. అదే పాలు పద్ధతి. మేకను పాలుకు తెచ్చుకుంటే పుట్టిన పిల్లల్లో సగం మేపినవాడివి, సగం సొంతదారువి. పెట్టుబడి లేని పిల్లవాడు కూడా రెండు మూడేళ్ళలో నాలుగు జీవాలకు యజమాని కాగలడు. చస్తే నష్టం ఎవరిదో మాత్రం ముందే మాట్లాడుకోవాలి. తగాదాలన్నీ అక్కడే వస్తాయి.

అసలు పరీక్ష సంతలో. దళారీ తువాలు కింద వేళ్ళు పట్టి బేరం కుదురుస్తాడు. పొట్టేలును కంటితో చూసే ధర కడతాడు. అందులో అతనికి ముప్ఫయ్యేళ్ళ అనుభవం, మన కుర్రవాడికి అదే తొలి సంత. ఇంటి వద్దే కాటా మీద తూచి, ఆ బరువు నోటు పుస్తకంలో రాసుకుని వెళ్ళినవాడిని మోసగించడం అంత తేలిక కాదు.

ఇక రోగాలు. తొలకరి లేత పచ్చికకు చిటుక రోగం తగిలితే సాయంత్రం ఎగిరిన పిల్ల తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. ఈ టీకా వానలకు ముందే వేయించాలి. పారుడు రోగం టీకా, నట్టల మందు వేయించిన తేదీలను కూడా అదే పుస్తకంలో రాసుకుంటే పశువుల డాక్టరు వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.