కుర్దులకు ఇచ్చిన మాట: ఖిలాఫత్ కాలంలో బ్రిటిషు విధానం

1921 మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమయింది. బందరు సమీపంలోని భట్లపెనుమర్రులో జన్మించి, బందరు జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన పింగళి వెంకయ్య ఆ సందర్భంలోనే గాంధీజీకి ఒక జెండా సమర్పించాడు. అందులోని ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తు. తక్కిన మతాల వారి కోసం తెలుపు కూడా చేర్చవలసిందని గాంధీజీ సూచించాడు. చిలకలపూడి, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వారికి ఆనాడు సహాయ నిరాకరణ, ఖిలాఫత్ అనేవి ఒకే ఉద్యమానికి రెండు పేర్లు.

సరిగ్గా ఆ మార్చి నెలలోనే ఈజిప్టులోని కైరో నగరంలో మరొక సమావేశం జరిగింది. బ్రిటిషు వలసల మంత్రి విన్‌స్టన్ చర్చిల్ తన అధికారులను పిలిపించి, ఉస్మానియా సామ్రాజ్యం నుండి చేజిక్కించుకున్న అరబ్బు దేశాలను ఎలా పాలించాలో ఆలోచించాడు. అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్నలలో కుర్దుల ప్రశ్న ఒకటి. బెజవాడలో ఖలీఫా గౌరవం కోసం గొంతెత్తిన వారికి ఈ ప్రశ్న గురించి దాదాపు ఏమీ తెలియదు. తెలిసి ఉండవలసిన విషయమే అది.

కుర్దులు ఎవరు?

జెరూసలేమును 1187లో విడిపించిన సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ పేరు ఎరుగని ముస్లిము ఉండడు. ఆయన కుర్దు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా దేశాల సరిహద్దులు కలిసే కొండ ప్రాంతం కుర్దుల నివాసం. వారిలో అత్యధికులు సున్నీలు, షాఫియీ మజ్‌హబ్ వారు. వారి భాష ఫార్సీకి దగ్గరి చుట్టం. 1639లో ఉస్మానియా, సఫవీ ప్రభుత్వాల మధ్య కుదిరిన సంధి వారి నేలను రెండుగా చీల్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అది మరిన్ని ముక్కలయింది.

రెండు వాగ్దానాలు

యుద్ధం సాగుతుండగా 1918 జనవరి 5న బ్రిటిషు ప్రధాని లాయిడ్ జార్జి ఒక ప్రకటన చేశాడు. తుర్కులు అధిక సంఖ్యలో ఉన్న ప్రాంతాలను, ఇస్తాంబూలును వారి నుండి లాక్కునే ఉద్దేశం తమకు లేదన్నాడు. యుద్ధం ముగిశాక ఆ మాట ఏమయిందని నిలదీయటమే ఖిలాఫత్ ఉద్యమంలోని ముఖ్యాంశం. 1920 మార్చిలో మౌలానా ముహమ్మద్ అలీ లండను వెళ్లి లాయిడ్ జార్జినే అడిగాడు. ఫలితం లేకపోయింది.

రెండవ వాగ్దానం కుర్దులకు సంబంధించినది. 1918 నవంబరులో బ్రిటన్, ఫ్రాన్సు కలిసి, తుర్కుల పాలన నుండి బయటపడిన ప్రజలు తమ ప్రభుత్వాలను తామే ఏర్పరచుకోవచ్చునని ప్రకటించాయి. అమెరికా అధ్యక్షుడు విల్సన్ పద్నాలుగు సూత్రాలలోనూ ఇటువంటి మాటే ఉంది. కుర్దులు ఈ మాటలను నమ్మారు.

షేక్ మహమూద్ ఉదంతం

ఇరాక్‌లోని బ్రిటిషు పాలకులలో చాలామంది హిందూదేశంలో ఉద్యోగం చేసి వెళ్లినవారే. బెలూచిస్తాన్‌లో అలవాటైన పద్ధతినే వారు దక్షిణ కుర్దిస్తాన్‌లో ప్రవేశపెట్టారు. తెగల పెద్దలకు జీతాలు, పదవులు ఇచ్చి, వారి ద్వారా ప్రజలను అదుపులో ఉంచటం ఆ పద్ధతి. ఖర్చు తక్కువ, సైన్యం అవసరం తక్కువ. 1802 శాశ్వత శిస్తు నిర్ణయం కింద జమీందారులను నడుమ నిలిపి సాగిన పాలనను చూసిన కృష్ణా జిల్లా వారికి మధ్యవర్తి పాలన కొత్త కాదు. జమీందారు పేష్కష్ చెల్లించేవాడు, కుర్దు పెద్ద జీతం పుచ్చుకునేవాడు. ఇద్దరినీ నిలిపేదీ తీసేదీ మాత్రం తెల్లవాడే.

1918 చివర సులైమానియాలో షేక్ మహమూద్ బర్జంజీని గవర్నరుగా నియమించారు. ఆయన ఖాదిరీ తరీఖాకు చెందిన సయ్యదు వంశీకుడు. కాని జీతగాడుగా ఉండటానికి ఆయన ఇష్టపడలేదు. 1919 మే నెలలో బ్రిటిషు అధికారులను నిర్బంధించి, ఖజానా స్వాధీనం చేసుకున్నాడు. జూన్‌లో బాజియాన్ కనుమ వద్ద గాయపడి పట్టుబడ్డాడు. అప్పటి బ్రిటిషు ఉన్నతాధికారి ఆర్నాల్డ్ విల్సన్ తన జ్ఞాపకాలలో ఒక విషయం రాశాడు. ఆస్పత్రిలో ఉన్న షేక్‌ను చూడబోగా, ఆయన చేతికి తాయెత్తులా ఖుర్ఆన్ ప్రతి కట్టి ఉందట. దాని ఖాళీ పుటల మీద అధ్యక్షుడు విల్సన్ సూత్రాలు, బ్రిటన్-ఫ్రాన్సుల ప్రకటన కుర్దు భాషలో రాసి ఉన్నాయట. ఇచ్చినవారు రాజకీయపు ఎత్తుగా భావించిన మాటను పుచ్చుకున్నవాడు పవిత్ర గ్రంథపు పుటలలో దాచుకున్నాడు.

ఆయనకు విధించిన మరణశిక్షను మార్చి, ప్రవాసం కోసం హిందూదేశానికి పంపారు. 1922లో తుర్కు దళాలు కొండలలోకి చొచ్చుకు రాగా, వారిని ఆపటానికి అదే షేక్‌ను తిరిగి తెచ్చి సులైమానియాలో నిలిపారు. ఆయన తనను కుర్దిస్తాన్ రాజుగా ప్రకటించుకున్నాడు. దానికి జవాబు విమానాల నుండి పడిన బాంబులు.

ఈ పాలనకు హిందూదేశపు వనరులే ఆధారం. ఇరాక్‌కు పంపిన సైన్యంలో అధిక భాగం భారతీయులు. చిలకలపూడి అంగడిలో చెల్లే రూపాయి సులైమానియా అంగడిలోనూ చెల్లేది. 1932లో దీనారు వచ్చేవరకు ఇరాక్ నాణెం అదే. బ్రిటిషు సైన్యంలో పనిచేయటం ముస్లిముకు ధర్మసమ్మతం కాదని 1921 జూలైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ తీర్మానించటం ఈ నేపథ్యంలోనే. ఆ తీర్మానం కారణంగా ముహమ్మద్ అలీని సెప్టెంబరులో వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు.

సంధి పత్రాలలో కుర్దులు

1920 ఆగస్టు 10న సంతకమైన సేవ్ర్ సంధిలో 62, 64 అధికరణాలు కుర్దులకు సంబంధించినవి. యూఫ్రటీస్‌కు తూర్పున కుర్దులు అధికంగా ఉన్న ప్రాంతాలకు ముందు స్వపరిపాలన లభించాలి. అధిక సంఖ్యాకులు కోరుతున్నట్లు ఒక సంవత్సరంలోగా నానాజాతి సమితికి రుజువు చేసి, అది అంగీకరిస్తే స్వాతంత్ర్యం కూడా దక్కుతుంది. మోసుల్ ప్రాంతపు కుర్దులు ఇష్టపడితే ఆ రాజ్యంలో చేరవచ్చు.

అది ఎన్నడూ అమలు కాలేదు. కైరోలో చర్చిల్ కుర్దులను వేరుగా ఉంచటానికి మొగ్గినా, చివరకు వారిని ఇరాక్‌లో కలపాలన్న పెర్సీ కాక్స్ మాటే చెల్లింది. ఇరాక్ రాజుగా కూర్చోబెట్టిన ఫైసల్‌కు, షియా అధిక సంఖ్యకు ఎదురు తూకంగా సున్నీ కుర్దులు కావలసి వచ్చారు. మోసుల్ నేల కింద నూనె ఉందన్న ఆశ సరేసరి. 1922 డిసెంబరులో, ఇరాక్ హద్దులలోనే కుర్దులు తమ ప్రభుత్వం ఏర్పరచుకోవచ్చునని బ్రిటన్, ఇరాక్ ప్రకటించాయి. సుమారు ఏడు నెలలకు, 1923 జూలై 24న ముస్తఫా కమాల్ ప్రభుత్వంతో లోజాన్ సంధి కుదిరింది. అందులో కుర్దుల పేరు కూడా లేదు. 1925 డిసెంబరు 16న నానాజాతి సమితి మోసుల్‌ను ఇరాక్‌కు ఇచ్చింది. మరుసటి సంవత్సరపు ఒప్పందంలో టర్కీ నూనె రాబడిలో పదవ వంతు 25 సంవత్సరాలపాటు తీసుకోవటానికి అంగీకరించింది. 1927లో కిర్కూక్ వద్ద నూనె ఎగజిమ్మింది. 1930 నాటి బ్రిటన్-ఇరాక్ ఒప్పందంలోనూ కుర్దుల ఊసు లేదు.

ఖలీఫా కోసం లేచిన కుర్దులు

1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఏ పదవి కోసం బెజవాడ, బందరు నుండి పెషావరు వరకు ప్రజలు కదిలారో, దానిని తుడిచిపెట్టింది బ్రిటన్ కాదు, తుర్కులే. ఆ ఉద్యమం మరి కోలుకోలేదు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో టర్కీలో నఖ్షబందీ పీరు షేక్ సయీద్ నాయకత్వాన కుర్దులు తిరగబడ్డారు. ఖిలాఫత్, షరీఅత్ పునరుద్ధరణ, కుర్దు జాతి హక్కులు ఆ తిరుగుబాటులో కలగలిసి ఉన్నాయి. జూన్ 29న దియార్‌బకిర్‌లో ఆయనను, ఆయన అనుచరులను ఉరితీశారు.

ఉస్మానియా సామ్రాజ్యం చెక్కుచెదరకుండా ఉండాలని హిందూదేశపు ముస్లిములు కోరిన రోజులలో, ఆ సామ్రాజ్యం లోపలి కుర్దులు ఏమి కోరుతున్నారో ఎవరూ అడగలేదు. వాగ్దాన భంగాన్ని ఖండించినవారికి, అదే చేతితో జరిగిన మరొక వాగ్దాన భంగం కనిపించలేదు. బ్రిటిషువారికి కుర్దులు ఒకనాడు సరిహద్దు గోడ, ఒకనాడు తూకపు రాయి, ఒకనాడు నూనె నేలకు కాపలా. ఏనాడూ మాట నిలబెట్టుకోవలసిన ప్రజలు కారు. ఇరాక్ కుర్దిస్తాన్ ప్రాంతానికి ఆ దేశ రాజ్యాంగంలో గుర్తింపు 2005లో గాని రాలేదు. సేవ్ర్ సంతకాలకు, దానికి నడుమ 85 సంవత్సరాలు గడిచాయి. న్యాయం కోరే సమాజం తనకిచ్చిన మాటను గుర్తుచేస్తే చాలదు. పక్కవానికి ఇచ్చిన మాటకు కూడా సాక్షిగా నిలబడాలి.