పటంలో గిత్త ఉంది.. పేరే లేదు

పాత ఇల్లు పడగొట్టే రోజున దూలాలకు, తలుపులకు, ఇత్తడి బిందెలకు బేరం కుదురుతుంది. చెదలు పట్టిన చట్రాల్లోని పటాలను అడిగేవారుండరు. ఒంగోలు, అద్దంకి, దర్శి పరిసర గ్రామాల్లో అలా వాకిట్లోకి చేరే పటాల్లో తరచూ ఒకే తీరు దృశ్యం కనిపిస్తుంది. తలపాగా చుట్టిన రైతు, ఆయన అరచేతి కింద తెల్లని గిత్త మూపురం, ఓ పక్కన పగ్గం పట్టుకుని మరో మనిషి. రైతు ఎవరో ఇంట్లోవారికి తెలుసు. గిత్తను ఏమని పిలిచేవారో చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పగ్గం పట్టుకున్న మనిషి పేరు అంతకుముందే మరుగున పడి ఉంటుంది.

ఇప్పటివారికి వింతగా తోచవచ్చు గానీ, ఆ ఫొటో చాలాసార్లు రైతు కోసం తీయించింది కాదు, గిత్త కోసం తీయించింది. పట్టణంలోని స్టూడియో నుంచి ఛాయాగ్రాహకుణ్ని పిలిపించాలి. ముక్కాలి స్టాండు, నల్లగుడ్డ కప్పిన పెట్టె కెమెరా ఊరికి తేవాలి. అంత ఖర్చు పెళ్లికో, షష్టిపూర్తికో, పందెంలో గెలిచిన ఎద్దుకో తప్ప పెట్టేవారు కాదు. అందుకే కొన్ని కుటుంబాల్లో ముత్తవ్వ ముఖం చూపే ఫొటో ఒక్కటీ ఉండదు. ఆమె రోజూ కుడితి పెట్టి పెంచిన ఎద్దుకు మాత్రం ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే వెనుక గుమ్మం నీడలో సగమే కనిపించే చీర చెంగు ఆమెదే కావచ్చు.

చూపు నిలిపితే ఎన్నో ఆనవాళ్లు

నలుపు తెలుపు ఫొటో అయినా ఒంగోలు జాతి లక్షణాలను దాచలేదు. పొట్టిగా, మొదట్లో లావుగా ఉండే కొమ్ములు, నిటారుగా లేచిన మూపురం, మడతలు పడి వేలాడే గంగడోలు, కాటుక దిద్దినట్టున్న కళ్లు స్పష్టంగానే తెలుస్తాయి. మగ పశువుకు మెడ, మూపురం భాగాల్లో రంగు ముదురుగా ఉంటుంది కనుక ఫొటోలో అక్కడ బూడిద ఛాయ కనిపిస్తే అది మరక అనుకోనక్కర్లేదు. పశువు పక్కన మనిషి నిలబడటం ఇంకో మేలు చేసింది. ఆయన ఎత్తు ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే గిత్త ఎత్తు ఇంచుమించుగా లెక్క కట్టవచ్చు. రాయలసీమలోని పుంగనూరు ఆవులు సాధారణంగా మీటరు ఎత్తుకు లోపే ఉంటాయి. పక్కన మనిషి లేకుంటే ఫొటోలో ఆ పొట్టితనం తెలిసేదే కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కెమెరాకు దగ్గరగా ఉన్నది ఉన్నదాని కన్నా పెద్దగా కనిపిస్తుంది. మనిషి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడితే గిత్త ఏనుగంత అవుతుంది.

ఒళ్లంతా స్పష్టంగా ఉండి చెవులో, తోకో పొగలా చెదిరిపోయి ఉంటే అది ఫొటో పాడైన గుర్తు కాదు. నాటి కెమెరా కన్ను తెరుచుకుని ఉన్న ఆ కాసేపట్లో పశువు ఈగను తోలుకుందన్నమాట. మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, గిత్తకు ఆ అవసరం లేకపోయింది.

కొమ్ములకు రంగు, మెడలో మువ్వల పట్టెడ ఉంటే కనుమ నాటిదో, ఏరువాక పున్నమి నాటిదో అయి ఉండవచ్చు. చేతిలో బహుమతి ఉంటే బండలాగుడు పందెం అనుకోవాలి. పందేల్లో విభాగాలను రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని దంతాల లెక్కన నిర్ణయిస్తారు. పాలపళ్లు ఊడి మొదటి జత వచ్చేసరికి పశువుకు రెండేళ్లు దాటుతాయి. మొత్తం ఎనిమిదీ వచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. కనుక బహుమతి మీద సంవత్సరం, విభాగం చదవగలిగితే గిత్త ఎప్పటి ఈతలో పుట్టిందో అంచనా దొరుకుతుంది.

వెనుక రాత ముందు చెప్పనిది చెబుతుంది

సంవత్సరం ఎక్కడా లేకపోతే పటం వెనక్కి తిప్పి చూడాలి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. వెనుక ‘ఒంగోలు, గుంటూరు జిల్లా’ అని ఉంటే ఫొటో 1970కి ముందుదే కావచ్చు. అయితే పాత అలవాటు కొద్దీ అలాగే రాసేవారూ లేకపోలేదు. స్టూడియో ముద్రలో పిన్‌కోడ్ కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు. 1972 ఆగస్టు 15కు ముందు దేశంలో పిన్‌కోడ్‌లే లేవు.

ఆ తర్వాతి కాలపు పటాల్లో దృశ్యం మారిపోతుంది. అదే వాకిలి, అదే ఠీవి, చెయ్యి మాత్రం మూపురం మీద నుంచి ట్రాక్టరు బానెట్ మీదికి చేరింది.

అక్కడ వంశావళి.. ఇక్కడ మసక పటం

ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఈ జాతి విదేశాలకు తరలింది. బ్రెజిల్‌లో దానికి ‘నెలోర్’ అనే పేరు అలా స్థిరపడింది. జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో చూసిన ఒక జతను 1878లో లెమ్‌గ్రూబర్ అనే పెంపకందారు అక్కడికి తెప్పించుకున్నారు. 1960ల తొలి ఏళ్లలో మరిన్ని మేలిరకం గిత్తలు ఓడెక్కాయి. వాటిలో ఒంగోలు సమీపంలోని కరవది నుంచి వెళ్లిన గిత్త ‘కర్వాది’ పేరుతో అక్కడి వంశావళి పుస్తకాల్లో నిలిచిపోయింది. నేడు బ్రెజిల్ మాంసపు పశుసంపదలో అధికభాగం నెలోర్ రక్తమే. అక్కడ గిత్త ఫొటో కింద దాని పేరు, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ ఉంటాయి. ఇక్కడి పటాల కింద ఉన్నది యజమాని ఇంటిపేరు ఒక్కటే, అదీ ఉంటే.

ఎలా కాపాడుకోవాలి

పాత ఫొటోల్లో నలుపు తెలుపువే గట్టివి. వాటిలోని బొమ్మ వెండి రేణువులతో ఏర్పడింది. స్టూడియోవారు హైపోను సరిగా కడగకుండా వదిలేసినవి పసుపు తిరుగుతాయి. 1980ల నాటి రంగు ఫొటోల్లో రంగులు వాటంతట అవే వెలిసి ఎర్రబారుతాయి. అందువల్ల వాటినే ముందుగా స్కాన్ చేయించడం తెలివైన పని. అంగుళానికి 600 చుక్కల చొప్పున చేయిస్తే పెద్ద ప్రతి తీసుకున్నా చెదరదు. స్కానర్ లేనిచోట వరండా వెలుతురులో ఫ్లాష్ లేకుండా, ఫొటోకు సమాంతరంగా సెల్‌ఫోన్ పట్టి తీసినా మేలే.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను ఊడదీయరాదు. బొమ్మ పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించాలి. బూజును తడిగుడ్డతో తుడవకూడదు. లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పే దారి ఉండదు. జిగురు పేజీల ఆల్బమ్‌లు చవకే గానీ ఆ జిగురే ఫొటోను తినేస్తుంది. వాన నీరు చెమ్మగిల్లే బయటి గోడకన్నా ఇంటి లోపలి గోడ నయం.

వీటన్నిటికన్నా తొందరపడాల్సిన పని వేరే ఉంది. పటం తీసుకెళ్లి ఇంట్లోనో, వీధిలోనో మిగిలిన పెద్దవారి ఒళ్లో పెట్టడం. ‘ఇదెవరు’ అని అడిగితే ఒక్క పేరుతో ముగుస్తుంది. ‘ఈ గిత్త ఎవరింటి ఆవుకు పుట్టింది, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు’ అని అడిగితే సాయంత్రం దాకా మాట సాగుతుంది. విన్నది విన్నట్టు మెత్తని పెన్సిలుతో, వెనుక అంచున, ఒత్తి రాయకుండా రాసుకోవాలి. బాల్‌పెన్ గాటు ముందు వైపు బొమ్మ మీద తేలుతుంది.

పగ్గం పట్టుకున్న మనిషి గురించీ అప్పుడే అడగాలి. ఆయన ఆ ఇంటి జీతగాడు అయి ఉండవచ్చు. గిత్తను నీళ్లకు తోలింది, పందేనికి సాధన చేయించింది ఆయనే కావచ్చు. ఆయన మనవళ్లు అదే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉంటారు. వారి ఇంట్లో ఆయనకు వేరే ఫొటో ఉండకపోవచ్చు. స్కాన్ ఎటూ చేయిస్తున్నారు కనుక రెండో ప్రతికి అయ్యేది కొద్ది రూపాయలే.